ఏమీ జరగని సినిమాలో ఏం జరుగుతుంది?

(కళాత్మక చిత్రాల్లో పాత్రల దినచర్యను అర్థం చేసుకోవడం ఎలా?)

సినిమా అంటే ఇష్టం లేని హాస్టల్ విద్యార్థి ఉండడు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చూసి వచ్చిన సినిమాను, రాత్రి స్టడీ అవర్ అయ్యాక పాటలతో, ఫైట్లతో, డైలాగులతో సహా చెప్పగలిగినవాళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. అయితే అలా చెప్పడానికి లొంగని సినిమాలు కొన్ని ఉన్నాయి. వాటి కథ చెప్పమంటే నాలుగు మాటల్లో అయిపోతుంది. సినిమా మాత్రం రెండు గంటలు, మూడు గంటలు నడుస్తుంది. మిగిలిన సమయమంతా ఒక మనిషి నీళ్ళు మోస్తుంటాడు. ఒక ఆడమనిషి గిన్నెలు తోముతుంది, దుంపల తొక్క తీస్తుంది, పక్క సర్దుతుంది. మర్నాడు మళ్ళీ అదే. ఎందుకు చేస్తున్నారో ఆ పాత్రలు చెప్పవు. వెనక నుంచి వివరించే గొంతు కూడా ఉండదు.

ఇటువంటి సినిమాను ఆదివారం పూట హాలులో వేసినప్పుడు తమ్ముళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏటన్నా ఇది? ఇందులో ఏటీ అవ్వదేటి?"

ప్రశ్న న్యాయమైనదే. దానికి మాకు తోచిన జవాబు ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాము. మేము సినిమా శాస్త్రం చదివినవాళ్ళం కాము. పీజీ చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటి తరం మాదే. పనిచేసి బతికేవాళ్ళ మధ్య పెరిగాము కాబట్టి తెర మీద పని కనబడితే కాస్త ఆగి చూడటం అలవాటైంది. ఆ చూపునే ఇక్కడ అయిదు ప్రశ్నల రూపంలో పెడుతున్నాము.

ఎందుకు వివరించరు?

మనం మామూలుగా చూసే సినిమాలో హీరో అన్నం తింటున్నాడంటే, ఆ ముద్ద నోట్లోకి వెళ్ళేలోగా ఫోన్ రావాలి, లేదా విలన్ మనుషులు రావాలి. ఏదీ జరగని భోజనాన్ని ఎడిటర్ కోసేస్తాడు. కథకు పనికిరాని పని తెర మీద ఉండకూడదనేది అక్కడి సూత్రం. అందులో తప్పేమీ లేదు. అది ఒక పద్ధతి.

అయితే రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇటలీలో కొందరు దర్శకులు, రచయితలు దీన్ని తిరగేసి ఆలోచించారు. పేదవాడి జీవితంలో ఎక్కువ భాగం, ఎడిటర్ కోసి పారేసే ఆ పనులే కదా, వాటిని తీసేస్తే మిగిలేది ఎవరి జీవితం అని అడిగారు. 1952లో విట్టోరియో డి సికా తీసిన 'ఉంబెర్టో డి' చిత్రంలో మరియా అనే పనిపిల్ల ఉంటుంది. ఒక ఉదయం ఆమె నిద్ర లేచి వంటింట్లోకి వస్తుంది. పొయ్యి వెలిగిస్తుంది. గోడ మీద చీమల్ని నీళ్ళతో కడుగుతుంది. కాఫీ గింజలు మరలో వేసి తిప్పుతుంది. కుర్చీలోంచి లేవకుండానే కాలు చాపి తలుపు మూయబోతుంది. మధ్యలో ఒకసారి తన పొట్ట వంక చూసుకుంటుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మాట ఒక్కటీ లేదు. పెళ్ళి కాకుండా గర్భవతి అయిన ఆ పిల్ల భయం ఎంతటిదో ఆ కాఫీ మర తిప్పుడులోనే మనకు తెలుస్తుంది. ఆంద్రే బజిన్ అనే ఫ్రెంచి విమర్శకుడు ఈ ఒక్క దృశ్యాన్ని ప్రత్యేకంగా తీసుకుని రాశాడు.

దర్శకుడు వివరించలేదు కాబట్టి అర్థం లేదని కాదు. ఏడుస్తూనే మర తిప్పుతున్న ఆ చేతిని చూసి మనమే గ్రహించాలని వదిలాడు. గ్రహించడానికి ఏం అడగాలో తెలిస్తే చాలు.

మొదటి ప్రశ్న: ఈ పని ఎవరి గడియారం ప్రకారం నడుస్తోంది?

హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. పొద్దున్నే గంట కొడితే లేస్తాం. గంట కొడితే ప్లేటు, గ్లాసు పట్టుకుని వరసలో నిలబడతాం. గంట కొడితే చదువుతాం. మన చదువు కోసం పెట్టిన గంటే అయినా, దాన్ని మోగించే చెయ్యి మనది కాదు. కొత్తగా మూడో తరగతిలో చేరిన పిల్లవాడికి ఆ సంగతి మొదటి వారంలోనే తెలుస్తుంది.

బి. నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన తెలుగు చిత్రం 'దాసి' చూసేటప్పుడు ఈ ప్రశ్నతో మొదలుపెట్టాలి. 1920ల నాటి నిజాం పాలనలోని తెలంగాణ గడీలో ఈ కథ నడుస్తుంది. అర్చన పోషించిన కమలాక్షి ఆ గడీలో దాసి. ఊడవడం, కడగడం, మోయడం, అందించడం, పిలిస్తే పరుగెత్తడం ఆమె దినచర్య. ఆ పనులను సినిమా తీరిగ్గా చూపిస్తుంది. ఎవరీమె, ఎక్కడి నుంచి వచ్చింది, జీతమెంత అని ఎవరూ ముందుగా చెప్పరు.

అప్పటి ఆచారం తెలిస్తే ఈ మౌనం అర్థమవుతుంది. దొరల ఇళ్ళలో పెళ్ళికూతురుతో పాటు పేదింటి ఆడపిల్లలను కూడా అత్తవారింటికి పంపేవారు. వారిని 'ఆడబాప' అనేవారు. ఇంటి చాకిరీ ఎంతో, దొర కోరిక తీర్చడమూ, వచ్చిన అతిథులకు లొంగడమూ అంతే. ఇది పని, ఇది దౌర్జన్యం అని రెండు గీతలుండవు. సినిమా కూడా అందుకే గీత గీయదు. నీళ్ళ బిందె ఎత్తిన చేతుల్తోనే ఆమె రాత్రి దొర గది వైపు నడుస్తుంది. రెండూ ఒకే దినచర్యలో భాగంగా కనిపించడమే మనల్ని ఎక్కువ కలవరపెడుతుంది. సంగీతం పెట్టి, కన్నీళ్ళు కార్పించి ఆ రాత్రి ఒక్కటే ఘోరమని చూపితే, పగటి చాకిరీ మామూలు సంగతైపోయేది. ఆమె గర్భవతి అయినప్పుడు ఆ బిడ్డను ఉంచుకునే హక్కు కూడా ఆమెకు దక్కదు. కమలాక్షి గడియారం కమలాక్షి దగ్గర ఒక్క నిమిషం కూడా లేదని ఆ దినచర్య మనకు చెబుతుంది.

ఈ చిత్రానికి ఆ ఏడాది అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. గడీ గోడలు, చీర నేత, ఇత్తడి గిన్నెలు కూడా ఇందులో మాట్లాడతాయి. సంభాషణ తక్కువైన చోట వస్తువులను చదవాలి.

రెండో ప్రశ్న: ఏది మళ్ళీ వచ్చింది? ఏది తప్పింది?

దినచర్యను రెండుసార్లు, మూడుసార్లు చూపిస్తే విసుగొస్తుంది. నిజమే. కానీ లెక్కల్లో శ్రేణి లాగా, మొదటి రెండు పదాలు తెలిస్తేనే మూడోది తప్పిందో లేదో తెలుస్తుంది.

బెల్జియం దర్శకురాలు షాంటాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డీల్మాన్' దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. నిడివి 3 గంటల 21 నిమిషాలు. తీసేనాటికి ఆమె వయసు పాతికలోపే, ఇంచుమించు మా వయసే. బ్రసెల్స్ నగరంలో ఒక వితంతువు, బడికెళ్ళే కొడుకు. మూడు రోజుల జీవితం. ఆమె దుంపలు ఉడకబెడుతుంది, కొడుకు బూట్లు తుడుస్తుంది, పక్క సర్దుతుంది, గదిలోంచి బయటకు వస్తూ దీపం ఆర్పుతుంది. ప్రతి మధ్యాహ్నం డబ్బిచ్చే మగవాడొకడు వచ్చి వెళతాడు. ఆ డబ్బును భోజనాల బల్ల మీదున్న సూప్ గిన్నెలో వేసి మూత పెడుతుంది. ఆ పని కూడా దుంపలు ఉడికే వ్యవధిలో ముగిసేలా ఆమె రోజును అమర్చుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం తరువాత దుంపలు మాడిపోతాయి. ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పారబోయాలో తోచక ఆ గదికీ ఈ గదికీ తిరుగుతుంది. డబ్బు గిన్నె మీద మూత పెట్టడం మర్చిపోతుంది. జుట్టు చెదిరి ఉంటుంది. గుండీ ఒకటి పెట్టుకోదు. మూడో రోజు కాఫీ రుచి కుదరదు. రోజూ కూర్చునే కుర్చీలో ఇంకెవరో ఉంటారు. మొదటి రోజును గంటసేపు ఓపికగా చూసినవాడికి ఆ తెరిచిన గిన్నె మూత పెద్ద కేకలా వినిపిస్తుంది. ఆ మధ్యాహ్నం వచ్చిన మనిషిని ఆమె కత్తెరతో పొడిచి చంపడం అకస్మాత్తుగా జరిగిందని అనిపించదు. మాడిన దుంపల దగ్గరే అది మొదలైంది.

2022లో బ్రిటన్‌లోని 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో ప్రపంచంలోని అన్ని చిత్రాలలోకీ ఈ చిత్రమే మొదటి స్థానం పొందింది. 1952 నుంచి పదేళ్ళకొకసారి జరిగే ఆ ఓటింగ్‌లో ఒక మహిళ తీసిన చిత్రం మొదట నిలవడం అదే మొదటిసారి.

ఇటువంటి సినిమా చూసేటప్పుడు ఒక చిత్తుకాగితం దగ్గర పెట్టుకోండి. పాత్ర రోజూ చేసే పనులు వరసగా రాయండి. మర్నాడు ఏ వరస మారిందో దాని పక్కన టిక్ పెట్టండి. ఆ టిక్కుల్లోనే కథ దొరుకుతుంది.

మూడో ప్రశ్న: ఎంతసేపు చూపించారు?

జపాన్ దర్శకుడు కనెతో షిందో 1960లో 'నేకెడ్ ఐలాండ్' అనే చిత్రం తీశాడు. సముద్రం మధ్య చిన్న దీవి. భార్యాభర్తలు, ఇద్దరు కొడుకులు. దీవిలో మంచినీళ్ళు లేవు. పక్క దీవికి పడవ వేసుకెళ్ళి, నీళ్ళు తెచ్చి, కావిడి భుజాన వేసుకుని నిట్టనిలువు గట్టు ఎక్కి, దుంప మొక్కల మొదట్లో గరిటెడు గరిటెడు పోస్తారు. మళ్ళీ పడవ. మళ్ళీ కావిడి. సినిమాలో మాటలు దాదాపు లేవు.

కావిడి అంటే మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కరలేదు. దాని బరువు భుజం మీద కాదు, అడుగు మీద పడుతుంది. ఒక అడుగు తప్పితే రెండు బిందెలూ పోతాయి. దర్శకుడు ఆ ఎక్కడాన్ని ఒక్కసారి చూపించి ఊరుకుంటే మనకు సమాచారం అందేది. పదే పదే, పూర్తిగా చూపించాడు కాబట్టి మన భుజం కూడా నొప్పెడుతుంది. ఒకచోట భార్య కాలు జారి బిందె ఒలికిపోతుంది. భర్త వచ్చి చెంప మీద కొడతాడు. అంతవరకూ చూసిన మనకు ఆ నీళ్ళ విలువా తెలుసు, ఆ దెబ్బ అన్యాయమూ తెలుసు. రెండూ ఒకేసారి తెలియడం కోసమే ముందు అంత సమయం తీసుకున్నాడు.

తరువాత పెద్ద కొడుకు జబ్బుపడి చనిపోతాడు. డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. అంత్యక్రియలైన తరువాత ఒకరోజు ఆ తల్లి నీళ్ళ బిందె నేలకేసి కొట్టి, మొక్కలు పీకి, నేల మీద పడి ఏడుస్తుంది. భర్త ఈసారి ఏమీ అనడు. కొంతసేపటికి ఆమె లేచి మళ్ళీ నీళ్ళు పోస్తుంది. ఆ చివరి నీళ్ళు పోయడం ఓటమా, నిబ్బరమా, మరో దారి లేకపోవడమా? సినిమా చెప్పదు. మన ఊళ్ళల్లో ఇంట్లో మనిషి పోయిన మూడో రోజునో నాలుగో రోజునో కూలికి వెళ్ళిన తల్లులను చూసినవాళ్ళకు, ఆ మూడూ ఒకే మనిషిలో ఉండగలవని తెలుసు.

నాలుగో ప్రశ్న: పని ఫలం ఎవరింటికి పోతోంది?

పని చేయకపోవడం కూడా ఒక దినచర్యే. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' దీనికి ఉదాహరణ. ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథ దీనికి ఆధారం. వెంకయ్య, అతని కొడుకు కిష్టయ్య పనికి వెళ్ళరు. పడుకుంటారు, తిరుగుతారు, దొరికింది తింటారు, దొరక్కపోతే దొంగిలిస్తారు. వెంకయ్య పాత్ర వేసిన ఎం.వి. వాసుదేవరావు అంతకు రెండేళ్ళ ముందు 'చోమన దుడి' అనే కన్నడ చిత్రంలో, సొంత భూమి కోసం జీవితమంతా తపించిన దళిత కూలీ పాత్రకు జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. ఆ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడు పనిచేసి చేసి ఏమీ పొందలేదు. ఇంకొకడు, ఏమీ పొందలేనప్పుడు పనెందుకు అన్నాడు.

వెంకయ్య లెక్క సూటిగానే ఉంటుంది. ఎంత చేస్తే అంత భూస్వామి గాదె నిండుతుంది, చేసినవాడు చేసిన చోటే ఉంటాడు. ఈ సినిమా రావడానికి ఏడాది ముందే, 1976లో, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పార్లమెంటులో వచ్చింది. అంటే వెంకయ్య మాట వట్టి పిచ్చి మాట కాదు. చట్టం చేసి ఆపవలసినంత నిజం అందులో ఉంది.

అయితే ఇక్కడితో ఆగి వెంకయ్యను వీరుణ్ణి చేస్తే సినిమాలో సగం చూడనట్టే. ఆ ఇంట్లోకి కోడలుగా నీలమ్మ వస్తుంది. మమతా శంకర్ ఆ పాత్ర వేసింది. ఆమె పనికి వెళుతుంది, ఇల్లు చక్కదిద్దాలని చూస్తుంది. ఇద్దరు మగవాళ్ళ తిరుగుబాటును తన ఒంటి మీద మోసేది ఆమే. కాన్పు కష్టమై ఆమే చనిపోతుంది. వెంకయ్య దినచర్యను భూస్వామి వైపు నుంచి చూస్తే సోమరితనం, వెంకయ్య వైపు నుంచి చూస్తే నిరాకరణ, నీలమ్మ వైపు నుంచి చూస్తే ఇంకొక చాకిరీ. ఈ మూడింటినీ ఒకేసారి పట్టుకోవాలి.

ఈ ప్రశ్న మన సాహిత్యంలో ముందే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1964లో రాసిన 'యజ్ఞం'లో అప్పల్రాముడి కుటుంబం తరతరాలు అప్పుకు కట్టుబడిపోయే పరిస్థితి వస్తుంది. ఆ బానిసత్వం తన బిడ్డకు రాకూడదని సీతారాముడు కన్న కొడుకును తానే నరుకుతాడు. ఏళ్ళ తరబడి రోజువారీ కష్టం ఎటు పోయిందో తెలిసినవాడికే ఆ ముగింపు తెలుస్తుంది. మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం మనకు అందుబాటులోనే ఉంది. సినిమా చూసినవాళ్ళు అక్కడికి వెళ్ళి కథ కూడా చదవాలని మా కోరిక.

అయిదో ప్రశ్న: చూస్తున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు?

'కఫన్' మూలకథలో తండ్రీకొడుకులు ఘీసూ, మాధవ్ పొలంలో దొంగిలించిన దుంపలు కాల్చుకుని తింటుంటారు. గుడిసె లోపల మాధవ్ భార్య పురుటినొప్పులతో చనిపోతుంటుంది. లేచి లోపలికెళితే రెండోవాడు ఎక్కువ దుంపలు తినేస్తాడేమోనని ఇద్దరూ లేవరు. ఆకలి మనిషిని ఎంత దిగజార్చగలదో చెప్పిన గొప్ప కథగా దాన్ని దేశమంతా చదివింది. ఆ ఇద్దరూ చమార్ కులస్తులని కథలోనే ఉంది.

హిందీలోని దళిత రచయితలు దీని మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు. దళితవాడలో ఒక ఆడమనిషి ప్రసవ వేదన పడుతుంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కరూ రాకుండా ఉంటారా, కడుపులో బిడ్డతో భార్య పోతుంటే దుంపలు లెక్కపెట్టుకునే మనుషులుగా మమ్మల్ని ఎందుకు చూపించారు అని అడిగారు. ప్రేమ్‌చంద్‌ను సమర్థించినవాళ్ళూ ఉన్నారు. ఆయన తిట్టింది ఆ ఇద్దరినీ కాదు, పనికి విలువ లేకుండా చేసిన వ్యవస్థను అన్నారు.

రెండు వాదాలూ తెలుసుకోవాలి. కానీ సంక్షేమ హాస్టల్లో చదివినవాళ్ళుగా మొదటి వాదం మనకు వెంటనే తగులుతుంది. మన వాడల్లో కాన్పంటే నాలుగిళ్ళ ఆడవాళ్ళు చేరతారు. ఒకరు వేన్నీళ్ళు పెడతారు, ఒకరు ఆటో కోసం పరుగెత్తుతారు. ఆ దినచర్య కూడా తెర మీదకు రావాలి కదా! కాబట్టి ఏ సినిమా చూసినా, ఎంత గొప్ప పేరున్నా, కెమెరా వాడ లోపల నిలబడిందా, రోడ్డు మీద నిలబడి చూస్తోందా అని అడగడం మన హక్కు.

ప్రతిదానికీ అర్థం వెతకాలా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొందరు మిత్రులు ఇలాంటి సినిమా చూశాక ప్రతి వస్తువునూ సంకేతం చేసేస్తారు. కుండ అంటే గర్భం, తాడు అంటే బంధం, చీమ అంటే శ్రామిక వర్గం. అలా అనుకుంటూ పోతే సినిమా పక్కకు పోయి మన తెలివే మిగులుతుంది. కుండ ముందుగా కుండ. నీళ్ళు తాగడానికి పెట్టారు.

మేము పాటించే నియమం సులువైనది. ఒక పనికి అర్థం చెప్పాలనుకుంటే సినిమాలోంచే కనీసం రెండు సాక్ష్యాలు చూపాలి. జాన్ డీల్మాన్ గిన్నె మూతకు అర్థం ఉందని అనవచ్చు. ఎందుకంటే మొదటి రోజు మూత పెట్టింది, రెండో రోజు మర్చిపోయింది. అదే గిన్నె మీద పువ్వుల బొమ్మకు అర్థం చెప్పబోతే సాక్ష్యం ఏదని అడగాలి. సాక్ష్యం ఉన్న రెండు అర్థాలు పక్కపక్కనే నిలిస్తే నిలవనివ్వండి. పరీక్షలో లాగా ఒకే సరైన సమాధానం ఇక్కడ అక్కరలేదు. సాక్ష్యం లేని అర్థాన్ని మాత్రం మర్యాదగా పక్కన పెట్టాలి.

పని గురించి తెలిసినవాళ్ళను అడగటం ఇంకా మంచి మార్గం. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిదో నూనెో రాసుకుని కూర్చుంటారు. తెలియనివాడు దాన్ని ఏదో ఆచారం అనుకోవచ్చు. జీడి రసం తగిలితే చర్మం పొక్కుతుంది, అందుకే రాసుకుంటారు. ఆ పని గురించి రేపు ఎవరైనా సినిమా తీస్తే, ఆ బూడిద అర్థం చెప్పగలిగేది పెద్ద విమర్శకులు కాదు, ఆ ఇళ్ళలోంచి వచ్చిన మన చెల్లెళ్ళే.

ఇదంతా మనకెందుకు?

మనం నింపే ప్రతి దరఖాస్తులోనూ 'తల్లి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. అందులో మనలో చాలామంది 'గృహిణి' అని, లేదా 'ఏమీ లేదు' అని రాస్తాం. తెల్లవారుజామునే లేచి కళ్ళాపి జల్లి, నీళ్ళు పట్టి, చోడి అంబలి కాచి, పిల్లలకు పెట్టి, ఊడ్పులకో కోతలకో వెళ్ళి, వస్తూ వస్తూ కట్టెలు తెచ్చి, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి గురించి మనమే రాస్తున్న మాట అది. 'ఏటీ అవ్వదేటి' అని సినిమాను అడిగిన ప్రశ్నా, 'ఏమీ లేదు' అని దరఖాస్తులో రాసిన జవాబూ దగ్గర చుట్టాలు.

కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా జనం తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు అందులో రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే 289, 88 అని వచ్చింది. దాదాపు అయిదు గంటలు. అంటే జాన్ డీల్మాన్ సినిమా కన్నా నిడివైన సినిమా మన ఇళ్ళలో రోజూ నడుస్తోంది. దాన్ని ఎవరూ టికెట్టు కొని చూడరు. మనం చూశామా?

ఈ సినిమాలు మనకు నేర్పేది సినిమా చూడటం ఒక్కటే కాదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ రోజును మొదటి నుంచి చివరి వరకూ ఒకసారి చూడటం. నాన్న కూలి డబ్బు చేతికి రాగానే ముందు ఏ అప్పుకు కడతాడో గమనించడం. ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు చివర తింటారు, ఎవరు తినకుండా తిన్నానంటారు అని తెలుసుకోవడం. ఆపైన ఒక బిందె మనం ఎత్తడం. అర్థం తెలిసీ బిందె ఎత్తకపోతే ఆ తెలివి వల్ల అమ్మకు ఒరిగేదేమీ లేదు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సూచన ఇదీ. నెలకొక ఆదివారం ఇటువంటి చిత్రం ఒకటి హాలులో వేసుకుందాం. ముందు 'దాసి', తరువాత 'ఒక ఊరి కథ'. చూశాక గంటసేపు మాట్లాడుకుందాం. పైన చెప్పిన అయిదు ప్రశ్నలూ గోడపత్రికలో రాసి పెడదాం. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు, ముఖ్యంగా అక్కలు, ఆ ఆదివారాల్లో వచ్చి కూర్చుంటే పిల్లలకు ఎంతో మేలు. వంట చేసే అక్కలనూ, వాచ్‌మన్ బాబాయినీ కూడా ముందు వరసలో కూర్చోబెడదాం. తెర మీద పని సరిగా చేస్తున్నారో లేదో ముందుగా పట్టేసేది వాళ్ళే.

వచ్చే సంచికకు ఎవరైనా ఒక్క పేజీ రాసివ్వండి: మీ ఇంట్లో ఒక మనిషి ఒక రోజు, పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునే వరకూ. ఏ పనికి ఎంతసేపు పట్టిందో కూడా రాయండి. ఉపమానాలు, పెద్ద మాటలు అక్కరలేదు. ఉన్నది ఉన్నట్టుగా రాస్తే అచ్చు వేయించే బాధ్యత మాది.